ఒక దుప్పటికి ఒక మాట

మార్చి నాలుగో తేదీ, బుధవారం. ఆ పొద్దున నేను తిన్నది ఒక బ్రెడ్డు ముక్కలో సగం. మిగతా సగం నాతో కలిసి దుప్పట్లు మడిచే మనిషి, నా జోడీ, తిన్నది. బట్టలు మార్చుకునే గదిలో నిలబడి, ఒక చేత్తో పని కోటు గుండీలు పెట్టుకుంటూ రెండో చేత్తో నోట్లో కుక్కుకున్నాం. ముక్కకి ఒక అంచునే జామ్ ఉండటం, ఆ అంచు ఆమె నాకే ఇవ్వడం గుర్తున్నాయి. తర్వాత చెరొక నొప్పి బిళ్ళ వేసుకున్నాం. కుళాయి దగ్గర వరస ఉండటంతో నేను నీళ్ళు లేకుండానే మింగేశాను. ఇంట్లో ఎవరు ఏ పూట ఏం తిన్నారో, ఎవరు ఎంత వదిలేశారో నన్నడిగితే చెప్పగలను. నా తిండి నాకు గుర్తున్న రోజు మాత్రం అదొక్కటే.

మాది ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ. ఉతకడానికీ ఆరబెట్టడానికీ మిషన్లున్నాయి. ఇస్త్రీకి మనిషి ఎత్తున వేడి రోలర్లున్నాయి. మడత పెట్టడానికి మాత్రం ఇంకా మనుషులే కావాలి, అదీ ఇద్దరు. రోలరు మీంచి జారిన దుప్పటిని చెరో వైపు రెండు మూలలూ పట్టుకుని, ఒకసారి దులిపి, నిలువుగా మడిచి, అప్పుడు ఒకరికొకరు ఎదురు నడిచి రావాలి. నా చేతిలోని మూలలు ఆమె చేతిలోకి వెళ్తాయి. నేను వంగి, కింద వేలాడే మడతని అందుకుని మళ్ళీ ఆమె దగ్గరికి తెస్తాను. రోలర్ల చప్పుడులో దుప్పటి అంత దూరం నుంచి అరిచినా వినపడదు. చేతులూ చేతులూ కలిసే ఆ క్షణంలోనే ఏదైనా చెప్పుకోవాలి. అందుకని మా కబుర్లన్నీ ముక్కలు ముక్కలుగా సాగేవి. ఒక దుప్పటికి ఒక మాట. ఆమె తమ్ముడి కాపురం గొడవ మొత్తం తెలుసుకోవడానికి నాకు రెండు షిఫ్టులు పట్టింది.

అలా కలిసి మడిచేవాళ్ళని మా దగ్గర జోడీ అంటారు. మేం పదకొండేళ్ళు జోడీ. తను నన్ను వదినా అనేది, నేనూ తనని వదినా అనేదాన్ని. ఎవరు ఎవరికి వదినో ఇద్దరం తేల్చుకోలేదు.

ఆ బుధవారం పదకొండు గంటలప్పుడు నా చేతుల్లోంచి మూలలు అందుకుంటూ అంది:

"వదినా, మూడు రోజుల్నుంచి దొడ్డికి నల్లగా అవుతోంది."

తర్వాతి దుప్పటికి నేను జవాబు చెప్పాను:

"రక్తం తక్కువని ఐరన్ బిళ్ళలు ఇచ్చారు కదా, వాటి వల్లే. కడుపుతో ఉన్నప్పుడు నాకూ అంతే అయ్యేది."

మూడో దుప్పటికి ఆమె ఒక్క మాట అంది. ఆ మాట చివర చెప్తాను. ఇప్పుడు నా చెయ్యి సాగడం లేదు.

ఆ తర్వాత పదకొండో రోజున రోలరు పక్కన కూలబడిపోయింది. మేం దుప్పట్లు పంపే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. కడుపులో పుండు పడిందనీ, చాలా రోజులుగా లోపల రక్తం కారుతోందనీ చెప్పారు. నేను చూడ్డానికి వెళ్ళేసరికి ఆమె మొహానికీ కింద పరిచిన దుప్పటికీ రంగులో తేడా లేదు. దుప్పటి మీద మడత గీతలు ఇంకా పోలేదు. అంచుకి అంచు అంత కచ్చితంగా కలిపేది మా లాండ్రీలో మేమిద్దరమే. మూడో రోజున పోయింది.

*

బిళ్ళలు మొదట నావి. ఆరేళ్ళ కింద నడుమూ మోకాళ్ళూ పట్టేసి మంచం మీంచి లేవలేకపోతే ఒక డాక్టరు చీటీ రాశాడు. రెండు రకాలు. ఒకటి నొప్పికి, తిన్న తర్వాత. రెండోది కడుపుకి, పొద్దున్నే పరగడుపున, ఏదైనా తినడానికి అరగంట ముందు. ఆ రెండోదాని కింద రెండు గీతలు గీశాడు కూడా. మందుల షాపతను కవరులో వేస్తూ "ఇది గ్యాస్ బిళ్ళమ్మా" అన్నాడు. ఆ పేరుతో అది మా ఇంట్లో అడుగు పెట్టింది. ఫ్రిజ్ మీద డబ్బాలో, అందరికీ అందే చోట చేరింది.

మా ఆయనది పోస్టాఫీసులో కౌంటరు దగ్గర కూర్చునే ఉద్యోగం. "రోజంతా కూర్చోవడం ఎంత కష్టమో నిలబడేదానివి, నీకేం తెలుస్తుంది" అంటారు. ఆఫీసులో ఎవరో రిటైరయ్యారని విందు చేసుకుంటే వచ్చి ఒక బిళ్ళ. మర్నాడు పొట్ట బరువుగా ఉందని ఇంకొకటి. ఇంటికొచ్చిన స్నేహితుడికి మర్యాదగా మరొకటి. "నాకోసం తెచ్చుకున్నవి" అని ఒకసారి మెల్లిగా అన్నాను. "గ్యాస్ బిళ్ళేగా, బంగారు బిళ్ళేం కాదుగా" అన్నారు. అత్తయ్య సాయంత్రం నూనె వస్తువు తింటే త్రేన్పులని ఒకటి తీసుకునేది. నేను నడుం పట్టుకుంటే మా ఆయన "నీకు నొప్పి లేని రోజు చెప్పు, కేలండర్‌లో గుర్తు పెట్టుకుందాం" అని నవ్వేవారు. "మాకూ ఉండేవమ్మా నడుములు, మేం వాటిని బయటికి తియ్యలేదు" అనేది అత్తయ్య. నాకూ నవ్వొచ్చేది. మాట చమత్కారంగా ఉంటే అది నా మీద వేసిందైనా ముందు నవ్వేసి తర్వాత ఆలోచించడం నాకు అలవాటు.

డబ్బాలో ఉన్నప్పుడు కూడా నేను వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. ఆ బిళ్ళ వేసుకోవాలంటే ముందు ఒక అరగంట కావాలి. ఆ అరగంట తర్వాత నేను తినాలి. పొద్దున అయిదున్నర నుంచి ఏడింటి దాకా మా ఇంట్లో పాలు కాగుతాయి, బట్టలు తడుస్తాయి, మూడు డబ్బాల్లోకి మూడు రకాల తిండి సర్దబడుతుంది, ఒకరికి షర్టు, ఒకరికి వేడినీళ్ళు, ఒకరికి కళ్ళజోడు దొరుకుతాయి. ఆ గంటన్నరలో ఒక అరగంట నాదని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. అందరూ తిన్నాక తినడం, అదీ నిలబడి గిన్నెలోంచే తినడం, అదీ లేకపోతే లాండ్రీలో ఎవరో ఇచ్చిన ముక్క. నొప్పి బిళ్ళ అలా కాదు. అది నా అరగంట అడగదు, నన్ను కూర్చోమనదు. వేసుకున్న కాసేపటికి నన్ను మళ్ళీ పనిలో నిలబెడుతుంది. ఇంటికీ లాండ్రీకీ రెండింటికీ నచ్చిన బిళ్ళ అది.

జోడీకి నొప్పి మణికట్లలో, భుజాల్లో. డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక రోజు పోతుందని వెళ్ళలేదు. నా దగ్గర ఉన్నది ఇచ్చాను. ఉన్నది నొప్పి బిళ్ళ. రెండోది ఇద్దామన్నా డబ్బాలో లేదు. పనిలో బిళ్ళలు మింగుతూ కనిపిస్తే, మేం గడియారం అని పిలుచుకునే సూపర్‌వైజరు "ఒంట్లో బాగోకపోతే ఇంట్లో ఉండండమ్మా" అంటాడు. ఇంట్లో ఉండమంటే మళ్ళీ రావద్దని. అందుకని దుప్పటి మూలలో బిళ్ళ పెట్టి, ఎదురు నడిచి వెళ్ళి, ఆమె చేతిలోకి మడిచేసేదాన్ని. మూడేళ్ళు అలా ఇచ్చాను. ఆమె చల్లటి వేళ్ళు దాన్ని అందుకునే తీరు కూడా నాకు తెలుసు.

"కడుపులో మంటగా ఉంది వదినా" అంది ఒకసారి.

"ఏమైనా తిను వదినా" అన్నాను ఇంకో దుప్పటికి.

"నువ్వు తిన్నావా?"

ఆ తర్వాతి దుప్పటికి ఇద్దరం నవ్వుకున్నాం.

*

ఆమె పోయాక నాకు ఇంకొకరిని జోడీగా వేశారు. పొడుగు మనిషి. ఇదివరకు బస్సులో టిక్కెట్లు కొట్టేదట, గొంతు రోలర్ల చప్పుడుని దాటి వినిపిస్తుంది. జోడీ పొట్టిది. పదకొండేళ్ళుగా మూలలు అందించేటప్పుడు నా చేతులు ఆమె ఎత్తుకి దిగడం నేర్చుకున్నాయి. ఇప్పటికీ అక్కడికే దిగుతాయి. పొడుగామె చేతులు పైన ఎదురుచూస్తుంటే నావి కింద, ఎవరూ లేని చోట, ఎవరికో మూలలు అందిస్తూ ఉంటాయి.

"ఏంటక్కా, రోజూ కింద ఎవరికిస్తున్నావు?" అని ఆమె సరదాగా అడిగింది. నేను మూలలు పైకెత్తి ఇచ్చాను. ఆ కింద గాలి కాస్త చల్లగా ఉన్నట్టు నాకు అనిపిస్తుంది. వెచ్చటి దుప్పటి వెనక్కి లాక్కునేటప్పుడు ఎవరో ఒక్క క్షణం మూల పట్టుకుని వదిలినట్టుంటుంది. రోజుకి ఎన్ని దుప్పట్లో అన్నిసార్లు.

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం జోడీ భర్త లాండ్రీ గేటు దగ్గరికి వచ్చాడు. కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములు బిగించే మనిషి. చేతులూ మాటా రెండూ నెమ్మది. భార్య లాకరు తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వచ్చి, నన్ను పిలిపించాడు. అద్దాలు తుడిచే పసుపు గుడ్డలో చుట్టిన చిన్న పొట్లం నా చేతిలో పెట్టాడు. విప్పితే నొప్పి బిళ్ళలు, ఆరు.

"నిన్న తన కోటు ఉతుకుదామని తీస్తే జేబులో ఉన్నాయి చెల్లెమ్మా. మీవట కదా. 'వదిన బిళ్ళ లేకపోతే మధ్యాహ్నం దాకా నిలబడలేను' అనేది. మీ వస్తువు మీకు ఇవ్వాలి కదా అని తెచ్చాను."

నేను ఆ గుడ్డ మళ్ళీ మడిచాను. చేతికి ఏదైనా గుడ్డ దొరికితే నేను మడతలే పెడతాను.

"మీరు చేసిన సాయం మర్చిపోలేను" అన్నాడు. కాసేపు గేటు ఊచలు చూస్తూ నిలబడ్డాడు. "ఒక్క మాట అడగనా? అక్కడ డాక్టరు నన్ను గట్టిగానే అడిగారు. నల్లగా వెళ్తోందని మీకు ముందే చెప్పలేదా, మందులేం వాడేది అని. మందులంటే ఐరన్ బిళ్ళలేనని చెప్పాను. ఆ మొదటి సంగతి మాత్రం నాకు తెలీదు. మీతో ఏమైనా అందా?"

"లేదన్నయ్యా" అన్నాను.

అంత తొందరగా వచ్చింది ఆ మాట. ఎవరో ముందే నా నోట్లో పెట్టి ఉంచినట్టు.

"మీతో కూడా అనలేదంటే ఇంక ఎవరితో అంటుంది" అన్నాడు. "తప్పు నాదే. ఇరవై రెండేళ్ళు కాపురం చేసి, అలాంటి సంగతి చెప్పుకోదగ్గ మొహం నాకు లేకపోయింది."

ఆయన వెళ్ళిపోయాడు. వెళ్తూ గేటుకి అడ్డంగా ఉన్న దుప్పట్ల బండిని పక్కకి జరిపి, మళ్ళీ ఎక్కడుందో అక్కడే పెట్టి వెళ్ళాడు. నా మాట వల్ల ఆయన మోస్తున్నది ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నాతో చెప్పింది. చెప్పుకోవడానికి ఆమెకి మనిషి ఉంది. ఆ మనిషిని నేనే. నేనే ఐరన్ అన్నాను.

ఆ తర్వాత వారం రోజులు నేను స్నానాల గదిలో లైటు వేసుకుని మరీ చూసుకునేదాన్ని. నలుపు లేదు. కానీ రొమ్ము ఎముక కింద మూడు వేళ్ళ మేర మంట, అది ఏడాదిగా ఉంది. నొప్పి బిళ్ళ వేసుకోబోతే చేతిలో పసుపు గుడ్డ కనిపించేది. వేసుకోకపోతే మోకాళ్ళు మొరాయించేవి. వేసుకునేదాన్ని. వేసుకుని కళ్ళ ముందు జోడీని చూసేదాన్ని.

*

పని మానేసి ఆసుపత్రికి వెళ్ళాను. మా దుప్పట్లు పరిచిన వార్డుల పక్కనుంచి నడిచాను. డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది.

"మందులేమైనా వాడుతున్నారా?"

"లేదమ్మా."

"ఏమీ?"

"నొప్పి బిళ్ళ తప్ప."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎన్నాళ్ళుగా?"

"ఆరేళ్ళు. రోజుకి రెండు. దుప్పట్లు ఎక్కువ వస్తే మూడు."

"దాంతోపాటు కడుపుకి బిళ్ళ ఉండాలే?"

"ఉంది. అది ఇంట్లోవాళ్ళు వేసుకుంటారు."

నేను తమాషాకి అనలేదు. ఆమె కూడా నవ్వలేదు. నా చీటీ చూపించమంది. మడతల దగ్గర చిరిగి టేపు అంటించిన కాయితం. "ఇది పదిహేను రోజులకి రాసింది" అంది. ఆ పదిహేను నేను ఎప్పుడూ చదవలేదు. షాపతను చదవలేదు. చీటీ చూపిస్తే బిళ్ళలు వచ్చేవి.

నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూశారు. చిన్న పుండు ఉందనీ, ఇంకా రక్తం దాకా రాలేదనీ చెప్పారు. కడుపులో పుండ్లు పెంచే సూక్ష్మక్రిమి ఉందేమోనని పరీక్ష చేసి, ఉందని తేలాక దానికి వేరే మందులిచ్చారు. డాక్టరమ్మ ఆ నొప్పి బిళ్ళ ఆపించేసింది. నొప్పికి వేరే రకం, కడుపు జోలికి పోనిది, రాసింది. మోకాళ్ళకి కూర్చుని చేసే కసరత్తులు చూపించింది. ఓపిగ్గా చెప్పింది. నొప్పిని ఆపే మందే కడుపు లోపలి పొరని కాపాడేదాన్ని కూడా ఆపేస్తుందట. అందుకే రెండో బిళ్ళ. గ్యాస్‌కి కాదు, కాపలాకి. "ఇంక ఎప్పుడైనా ఆ నొప్పి బిళ్ళ రోజూ వాడాల్సి వస్తే ఈ బిళ్ళ లేకుండా వద్దు. తక్కువ మోతాదు, తక్కువ రోజులు, మమ్మల్ని అడిగి. రెండు షాపుల నుంచి రెండు రకాలు తెచ్చి కలపొద్దు. పక్కవాళ్ళకి పంచొద్దు."

లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. "ఐరన్ బిళ్ళలకి నల్లగా అవుతుందా అమ్మా?"

"అవుతుంది."

ఒక్క క్షణం నా గుండెలోకి గాలి వచ్చింది.

"కానీ నొప్పి బిళ్ళలు వాడే మనిషి నల్లగా వెళ్తోందంటే ఐరన్ మీదకి నెట్టెయ్యకూడదు. తారులాగా జిగటగా ఉండి, వాసన వేస్తూ, మనిషి పాలిపోయి కళ్ళు తిరుగుతుంటే అది రక్తమే. వెంటనే రావాలి. ఎందుకు, మీకు అలా ఉందా?"

"నాకు కాదు" అన్నాను.

ఆమె నా మొహం చూసింది. బయట బెంచీల నిండా జనం ఉన్నారు. అయినా తర్వాతి వాళ్ళని పిలవలేదు. ఏదో రాసుకుంటున్నట్టు కాయితం మీదకి వంగి, నేను కళ్ళు తుడుచుకునేదాకా అలాగే రాస్తూ కూర్చుంది.

*

ఆ సాయంత్రం మా ఆయన ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి తడిమారు. "గ్యాస్ బిళ్ళ ఏదీ?"

"నా సంచిలో ఉంది."

"ఒకటి ఇలా పడెయ్యి."

"ఇవ్వను."

ఆయన చెయ్యి ఫ్రిజ్ మీదే ఆగిపోయింది. మంచం మీద అత్తయ్య కూడా తల తిప్పింది. నాకే ఆ మాట ఎవరో వెనక నుంచి అన్నట్టు వినిపించింది.

"ఏంటి, ఇప్పుడు బిళ్ళలకి కూడా తాళమా?"

"మీకు పొట్ట బరువెక్కితే వేసుకునే బిళ్ళ. నాకు లోపల రక్తం కారకుండా వేసుకునే బిళ్ళ. కడుపులో పుండు ఉందండీ. నా జోడీకి ఉన్నదే."

"నువ్వు చెప్తే కదా తెలిసేది! మేమేమన్నా పరాయివాళ్ళమా?" అన్నారు. గొంతులో కోపం కంటే ఉలుకు ఎక్కువుంది.

చెప్పాను, ఆరేళ్ళుగా చెప్పాను. అన్నం వడ్డిస్తూ ఒక ముక్క, షర్టు అందిస్తూ ఒక ముక్క, తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఒక ముక్క. ఇంట్లో కూడా నా మాటలకి దొరికే చోటు రెండు పనుల మధ్య సందే. నా ఒంటి సంగతి ఎప్పుడూ పూర్తి వాక్యంగా ఎవరికీ చేరలేదు. అందుకని ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. స్టవ్ ఆపేసి కూర్చున్నాను. మొదటి నుంచీ చెప్పాను. జోడీకి బిళ్ళలిచ్చింది నేనేనని, ఐరన్ అని చెప్పింది కూడా నేనేనని. మధ్యలో మా ఆయన రెండుసార్లు ఏదో అనబోయారు. రెండుసార్లూ అత్తయ్య "ఆగరా" అంది.

మర్నాడు అయిదున్నరకి లేచేసరికి వంటింటి గట్టు మీద గ్లాసుతో నీళ్ళు, దాని మీద మూత, మూత మీద నా బిళ్ళ. అత్తయ్య స్టవ్ దగ్గర నిలబడి ఉంది.

"వేసుకో. వేసుకుని అరగంట అక్కడ కూర్చో. పాలు నేను చూస్తాను. పొంగిపోతే మాత్రం సాధించకు."

పాలు పొంగిపోయాయి. నేనేమీ అనలేదు. ఆరు గంటలకి, ఆ ఇంట్లో మొట్టమొదటిసారి అందరికంటే ముందు, కూర్చుని తిన్నాను. ఎదురుగా ఖాళీ కుర్చీ. సగం బ్రెడ్డు తిని జామ్ అంచు నాకిచ్చిన మనిషికి ఇలాంటి ఉదయం ఒక్కటైనా దొరికి ఉంటే. మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు తన కోసం విడిగా బిళ్ళలు తెచ్చుకుని, అందరికీ కనిపించేలా ఫ్రిజ్ మీద పెట్టారు. దాని పక్కనే నా కోసం ఒక అరటిపళ్ళ అత్తం కూడా పెట్టారు.

*

శుక్రవారం పొడుగామె మూలలు అందుకుంటూ అడిగింది: "అక్కా, నీ దగ్గర నొప్పి బిళ్ళలుంటాయటగా. భుజం చచ్చిపోతోంది, ఒకటి ఇవ్వు."

చేతులు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. తర్వాతి దుప్పటికి ఏం చెప్పాలి? 'తిన్నాక వేసుకో' అనొచ్చు. ఆ తర్వాతి దుప్పటికి 'కడుపు బిళ్ళ కూడా వేసుకో.' దానికి ఆమె ఏదో అంటుంది. దానికి నేను ఏదో అంటాను. మధ్యలో రోలరు, మధ్యలో దూరం, ఒక్కొక్క ముక్క. నేను మూలలు వదల్లేదు. వెనక్కి అడుగు వెయ్యలేదు. ఆమె చేతులు పట్టుకుని, మధ్యలో దుప్పటి వేలాడుతుండగానే, మొదలుపెట్టాను. నీకు కడుపులో మంట ఉందా, ఇదివరకు పుండేమైనా ఉందా, ఇంకేం బిళ్ళలు వాడుతున్నావు, నల్లగా ఎప్పుడైనా వెళ్ళిందా. నా దగ్గర నుంచి మాత్రం బిళ్ళ ఇవ్వను, సోమవారం నీతో ఆసుపత్రికి వస్తాను అని. వెనక రోలరు మీంచి దుప్పట్లు జారి గుట్టగా పడుతున్నాయి.

"ఏంటమ్మా అక్కడ, ఫొటోకి నిలబడ్డారా?" అని గడియారం అరిచాడు.

"మాట్లాడుకుంటున్నాం" అన్నాను.

"ఏం మాటలు, పని మధ్యలో?"

"సగంలో ఉన్నాం సార్. పూర్తయ్యాక మడుస్తాం."

పొడుగామె నా వంక వింతగా చూసింది. తర్వాత తన గొంతుతో, హాలంతా వినపడేలా, "ఈవిడ చెప్తున్నది ఇక్కడందరికీ అవసరమే సార్" అంది. పక్క వరసలో రెండు జోడీలు దుప్పట్లు పట్టుకునే ఆగి, ఇటు తిరిగాయి. నేను వాళ్ళకి కూడా వినపడేలా చెప్పాను. చెప్పిన ప్రతి మాటకీ కింద చల్లటి చోట ఎవరో వింటున్నట్టే ఉంది. ఇంతమందికి చెప్పగలిగాను. ఇంకా చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు.

*

ఆ సాయంత్రం షిఫ్టు దిగి నేరుగా జోడీ వాళ్ళింటికి వెళ్ళాను. మేడ మీద రెండు గదులు, నిటారు మెట్లు. ఆయన తలుపు తీశాడు. భోజనం అప్పుడే ముగించినట్టుంది, బల్ల మీద ఒకే కంచం. కూర్చోమన్నాడు. మంచినీళ్ళు ఇచ్చాడు. గ్లాసు అడుగు తుడిచి మరీ ఇచ్చాడు.

"మీతో అబద్ధం చెప్పాను అన్నయ్యా" అన్నాను. "నల్లగా అవుతోందని నాతో చెప్పింది. మార్చి నాలుగు, బుధవారం, పదకొండింటికి. ఐరన్ బిళ్ళల వల్లేనని నేనే చెప్పాను. పుండు కూడా నేనిచ్చిన బిళ్ళల వల్లే పడి ఉంటుంది. ఆమె మీకు చెప్పకపోవడం మీ మొహం బాగోలేక కాదు. చెప్పుకుంది. చెప్పుకున్నచోట తప్పు జవాబు దొరికింది."

ఆయన చేతిలో కళ్ళజోడుకి బిగించే చిన్న మర ఉంది, దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. కింద వీధిలో ఎవరో సైకిల్ స్టాండు వేసిన చప్పుడు పైదాకా వినిపించింది.

"ఆ రోజు గేటు దగ్గరే చెప్పి ఉంటే..." అని ఆగిపోయాడు. నేను దించిన తల ఎత్తలేదు.

మర తిప్పడం ఆపి అడిగాడు. "మీరు ఐరన్ అన్నాక తనేమంది?"

ఇన్నాళ్ళూ నా చెవిలో ఉన్న మాట అదే. ప్రతి దుప్పటికీ మూల అందుకుంటూ ఆమె నాకు చెప్పే మాట అదే.

"'హమ్మయ్య' అంది."

"హమ్మయ్య అందా?"

"అంది. నవ్వింది కూడా."

ఆయన పెదాలు కదిలాయి, తనలో తను ఆ మాట ఆమె గొంతుతో అనుకుంటున్నట్టు. "అలాగే అనేది" అన్నాడు. "పాలు విరక్కపోయినా హమ్మయ్య అనేది. నేను వేళకి ఇల్లు చేరినా." మర బల్ల మీద పెట్టాడు, దొర్లిపోకుండా వేలు అడ్డం పెట్టాడు. "అయితే ఆ పదకొండు రోజులూ భయపడకుండా ఉందన్నమాట."

క్షమించానని అనలేదు. నేను అడగలేదు. లేచి బయటికి వచ్చాను. మెట్ల మీద దీపం లేదు. ఆయన తలుపు బార్లా తెరిచి, వెలుగు మెట్ల మీద పడేలా పక్కకి జరిగి నిలబడ్డాడు. ఒక్కొక్క మెట్టే దిగాను. నా మోకాళ్ళు ఎంత నెమ్మదిగా దిగుతాయో అంతసేపూ ఆ వెలుగు అలాగే ఉంది. నేను నేల మీద రెండు పాదాలూ పెట్టాక, పైన ఆయన ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూసుకున్నాడు.